వెచ్చని మూటకు గుడ్డ కుదిరిన కథ

నడుం పట్టేసినా, మెడ బిగుసుకున్నా, చలికి కీళ్ళు సలిపినా మన ఇళ్ళలో ముందు గుర్తొచ్చేది కాపడమే. పెనం మీద రాళ్ళ ఉప్పు పోసి, చిటపటలాడేదాకా వేయించి, పాత చీర పేలికలో మూట కట్టేవారు. పెద్దవాళ్ళు ఆ మూటను ముందు తమ ముంజేతికి ఆనించి చూసుకుని, వేడి ఓర్చుకోదగ్గదే అనిపించాకే నొప్పి ఉన్నచోట అద్దేవారు. ఉప్పు లేకపోతే ఇసుక, అదీ లేకపోతే తవుడు. ఏ గుడ్డ వాడాలన్న ప్రశ్న మాత్రం ఎవరికీ వచ్చేది కాదు. ఇంట్లో పాతగుడ్డ అంటే నూలు గుడ్డే. వేరే రకం ఉంటేగా ప్రశ్న పుట్టడానికి!

స్విట్జర్లాండ్‌లో, జర్మనీలో ఇదే పని చెర్రీ గింజలతో చేసేవారు. పళ్ళ గుజ్జు తీసేశాక మిగిలిన గింజల్ని కడిగి, ఎండబెట్టి, చిన్న సంచిలో పోసి, పొయ్యి దగ్గర వెచ్చబెట్టి పక్కలో పెట్టుకునేవారు. అక్కడా సంచి నూలుదో నారదో. వేల ఏళ్ళుగా మనిషి ఒంటికి తెలిసిన గుడ్డలవి. వేడి ఎక్కువైతే ఎర్రబడతాయి, కమురు కంపు కొడతాయి, ఆ తర్వాతే అంటుకుంటాయి.

ఈ సర్దుబాటు చెడిపోవడానికి కారణం రెండు కొత్త వస్తువులు: ఒక కొత్త రకం దారం, ఒక కొత్త రకం పొయ్యి. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో, ఒకదాని ఊసు మరొకదానికి తెలియకుండా పుట్టాయి.

దారం కథ 1930లో అమెరికాలోని విల్మింగ్టన్‌లో మొదలైంది. డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోదర్స్ అనే రసాయన శాస్త్రవేత్త పొడవాటి అణువుల్ని ముక్కముక్కగా అతికించి తయారుచేసే పనిలో ఉన్నాడు. ఆ ఏడు ఏప్రిల్‌లో ఆయన సహచరుడు జూలియన్ హిల్, కరిగిన ముద్దలో గాజు కడ్డీ ముంచి పైకి లాగాడు. ముద్ద తెగకుండా సన్నని దారంలా సాగింది. చల్లారాక మళ్ళీ లాగితే ఇంకా పొడుగు సాగి, అంతకంతకు గట్టిపడి, పట్టులా మెరిసింది. ఆ దారం పాలిస్టర్ జాతిదే. చూస్తే గొప్ప విజయం. కానీ అది నూరు డిగ్రీలలోపే కరిగిపోయేది. వేడినీళ్ళలో ఉతకలేని, ఇస్త్రీ చేయలేని బట్టను ఎవరు కట్టుకుంటారు? కరోదర్స్ దాన్ని పక్కన పెట్టేసి మరో దారి పట్టాడు. 1935 ఫిబ్రవరి 28న ఆ దారిలోనే నైలాన్ పుట్టింది. రెండేళ్ళకు, నైలాన్ మేజోళ్ళు అంగళ్ళకు రాకముందే, ఆయన తన 41వ ఏట కన్నుమూశాడు.

ఆయన వదిలేసిన చోటు నుంచి ఆ దారాన్ని ఇంగ్లండ్‌లో జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్ అందుకున్నాడు. కరోదర్స్ వాడిన ఆమ్లానికి బదులు టెరెఫ్తాలిక్ ఆమ్లం వాడితే అణువులు బిర్రుగా నిలబడి వేడికి తట్టుకుంటాయని ఆయన ఊహ. 1941లో, యుద్ధం మధ్యలో, లంకషైర్‌లోని అక్రింగ్టన్‌లో, అద్దకం బట్టల సంఘం వారి చిన్న ప్రయోగశాలలో జేమ్స్ డిక్సన్‌తో కలిసి ఆ ఊహను నిజం చేశాడు. కొత్త దారం 250 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని కరగలేదు. దానికి టెరిలీన్ అని పేరు పెట్టారు. మన దగ్గరికి వచ్చేసరికి అది టెర్లిన్ అయింది, నూలుతో కలిసి టెరికాటన్ అయింది. ఒకప్పుడు పెళ్ళికొడుక్కి టెర్లిన్ చొక్కా కుట్టించడమంటే గొప్ప. నలగదు, మాయదు, ఉతికి ఆరేస్తే చాలు. ఇస్త్రీపెట్టెను తట్టుకుంది గనుక ఇక ఏ వేడికైనా తట్టుకుంటుందనే జనం అనుకున్నారు. ఆ నమ్మకమే తర్వాత ఇబ్బంది తెచ్చింది.

ఇక పొయ్యి సంగతి. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ అనే ఇద్దరు యువకులు ఒక రాగి దిమ్మెలో గుండ్రని గుంతలు తొలిచి, దాని గుండా విద్యుత్తు పంపి, అంతకుముందు ఎవరూ చూడనంత బలమైన సూక్ష్మతరంగాలు పుట్టించారు. అదే కుహర మాగ్నెట్రాన్. శత్రు విమానాల్ని పసిగట్టే రాడార్‌కు అదే గుండెకాయ. ఆ సెప్టెంబరులో బ్రిటన్ దాన్ని రహస్యంగా అమెరికాకు పంపింది. అక్కడ దాన్ని వేల సంఖ్యలో తయారుచేసే పని రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ చేతికి వచ్చింది.

స్పెన్సర్ బతుకు చదివితే గౌరవం కలుగుతుంది. మెయిన్ రాష్ట్రంలోని హౌలాండ్ అనే పల్లెలో 1894లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి వదిలిపోయింది. బంధువుల ఇంట్లో పెరిగాడు. బడిచదువు అంతంతమాత్రం. 12 ఏళ్ళకే మిల్లులో పనికి వెళ్ళాడు. నౌకాదళంలో చేరి, రాత్రి కాపలా కాస్తూ పుస్తకాలు ముందేసుకుని వైర్‌లెస్ విద్య తనంతట తానే నేర్చుకున్నాడు. అలాంటి మనిషి 1945లో ఒకరోజు పనిచేస్తున్న మాగ్నెట్రాన్ ముందు నిలబడి ఉండగా జేబులోని మిఠాయి మెత్తబడి ముద్దయింది. అంతకుముందు కూడా అక్కడ నిలబడ్డవాళ్ళకు వెచ్చదనం తెలిసే ఉంటుంది. ఎందుకిలా అయిందని ఆగినవాడు స్పెన్సరే. మర్నాడు మొక్కజొన్న గింజలు తెప్పించి యంత్రం ముందు పెట్టించాడు. గది నిండా పేలాలు ఎగిరాయి. కోడిగుడ్డు పెడితే అది పేలి, తొంగిచూస్తున్న తోటివాడి ముఖాన చిందింది. ఆ అక్టోబరు 8న పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1947లో వచ్చిన మొదటి రాడారేంజ్ పొయ్యి దాదాపు ఆరడుగుల ఎత్తు, 340 కిలోల బరువు. దాన్ని కొనగలిగింది పెద్ద వంటశాలలే. వంటింటి గట్టు మీద కూర్చునే పెట్టె రావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. 1967లో అమానా కంపెనీ దాన్ని 495 డాలర్లకు అమ్మింది. 1986 నాటికి అమెరికాలో నాలుగో వంతు ఇళ్ళలో మైక్రోవేవ్ ఉంది.

పాత మూట ఈ కొత్త పెట్టెలోకి వెళ్ళింది ఆ రోజుల్లోనే. ఈ ముచ్చట ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. కుట్టుపని తెలిసిన ఇల్లాళ్ళు, బామ్మలు, నర్సులు కలిసి పుట్టించారు. సంచిలో గోధుమలో బియ్యమో అవిసెలో పోసి కుట్టి, రెండు నిమిషాలు పెట్టెలో పెడితే మూట సిద్ధం. పెనం అక్కర్లేదు, పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. ఉప్పుకు బదులు గింజలెందుకంటే, సూక్ష్మతరంగాలు ముఖ్యంగా నీటి అణువుల్ని ఊపి వేడి పుట్టిస్తాయి. పొడి ఉప్పులో నీరు ఉండదు. ఎండబెట్టిన ధాన్యంలో మాత్రం నూటికి పది, పన్నెండు పాళ్ళు తేమ దాగి ఉంటుంది. ఆ తేమే వేడెక్కి, గింజను వెచ్చబరిచి, ఒంటికి తడివేడిగా తగులుతుంది. నొప్పికి పొడివేడి కంటే తడివేడే హాయి అని చాలామంది చెప్పేది అందుకే.

సంచికి ఏ గుడ్డ తీసుకోవాలి? చేతికందింది. తీరా చూస్తే ఆ చేతికందిన గుడ్డ ఇప్పుడు నూలు కాదు. మెత్తని ఫ్లీస్ దుప్పటి ముక్క పాలిస్టర్. మెరిసే శాటిన్ లైనింగ్ పాలిస్టర్. సాగే టీషర్టు సగం పాలిస్టర్. ఇక్కడొక చిక్కు ఉంది. పాలిస్టర్‌లో తేమ దాదాపు ఉండదు, నూలులో ఏడెనిమిది శాతం ఉంటుంది. అలాంటప్పుడు సూక్ష్మతరంగాలకు నూలే వేడెక్కాలి, పాలిస్టర్ చల్లగా ఉండాలి కదా? నిజంగానే ఉత్త పాలిస్టర్ ముక్కను కాసేపు పెట్టెలో పెడితే దానికేమీ కాదు. మరి గింజలు పోసి కుట్టిన సంచి మాత్రం కొన్నిచోట్ల బిగుసుకుపోయి, చిల్లులు పడి, చేతికి బంకలా అంటుకునేది ఎందుకు?

జవాబు గుడ్డలో లేదు, గింజల్లో ఉంది. పెట్టెలో తరంగాలు అంతటా సమంగా పరుచుకోవు. వాటి పొడవు 12 సెంటీమీటర్లు. గోడలకు తగిలి వెనక్కి మళ్ళి, ఒకదానితో ఒకటి కలిసి, కొన్నిచోట్ల బలపడతాయి, కొన్నిచోట్ల చప్పబడతాయి. ఆ తేడా పోగొట్టడానికే లోపల పళ్ళెం తిరుగుతుంది. అయినా మూట మధ్యలో ఎక్కడో ఒకచోట వేడి గుమిగూడుతుంది. అక్కడ తేమ ముందుగా ఆవిరైపోతుంది. అన్నం గిన్నెలో నీళ్ళున్నంతసేపు మెతుకు మాడదు, నీళ్ళు ఇగిరిపోయాకే అడుగంటుతుంది. గింజ కూడా అంతే. తేమ ఉన్నంతవరకు దాని వేడి నూరు డిగ్రీల చుట్టుపక్కలే నిలుస్తుంది. తేమ పోయాక ఆ పగ్గం తెగిపోతుంది. గింజ నల్లబడిందంటే అక్కడ 200 డిగ్రీల దరిదాపులకు వెళ్ళిందన్నమాటే. ఒకరకం నైలాన్ 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సంచుల్లో వాడే పాలీప్రొపిలీన్‌కు 165 చాలు. పాలిస్టర్ 250 దాకా ఆగినా, మాడుతున్న గింజ దాన్ని ఆనుకుని ఉంటే ఎంతసేపు ఆగుతుంది? పైగా కరిగిన ప్లాస్టిక్ ఒంటికి తగిలితే తుడిచినా పోదు, చర్మాన్ని పట్టుకుని కాలుస్తూనే ఉంటుంది.

నూలు అలా కరగదు. పత్తి పీచులో సెల్యులోజ్ గొలుసులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పెనవేసుకుని ఉంటాయంటే, కరిగే వేడి రాకముందే అవి విరిగిపోతాయి. అందుకే నూలు మొదట గోధుమరంగుకు తిరుగుతుంది, కమురు వాసన వస్తుంది, ఆపైన నల్లబడుతుంది. అంటుకోవడానికి సుమారు 400 డిగ్రీలు కావాలి. దీని అర్థం నూలు కాలదని కాదు. నిప్పురవ్వ పడితే నూలు కూడా మంట లేకుండా లోలోపల రగులుతుంది. నా లెక్కలో నూలు గొప్పతనం వేరే ఉంది: అది ముందే చెబుతుంది. ముక్కుకీ కంటికీ తెలిసేలా హెచ్చరించి, ఆపడానికి మనకు వ్యవధి ఇస్తుంది. పాలిస్టర్ చివరిదాకా ఏమీ తెలియనివ్వదు.

నూలు గుడ్డకు మళ్ళినవాళ్ళకు మరో దెబ్బ తగిలింది. గుడ్డ చక్కని నూలే, పెట్టె మీట నొక్కగానే లోపల నీలి మెరుపులు! గుడ్డ మీద బంగారు రంగు పువ్వులున్నాయి. కొన్ని రకాల మెరుపు అద్దకాల్లో సన్నని లోహపు పొడి ఉంటుంది. మెరుపు దారాలది ఇంకో కథ. అమెరికాలో 1946లో అల్యూమినియం రేకును రెండు ప్లాస్టిక్ పొరల మధ్య అతికించి, దారమంత సన్నగా కోసి, లూరెక్స్ అని అమ్మారు. బంగారం లేని బంగారు మెరుపు అలా బట్టల్లోకి ప్రవేశించింది. లావుపాటి లోహం తరంగాల్ని వెనక్కి తిప్పికొడుతుంది. మరీ పలుచని పొరైతే వాటిని మింగి, క్షణాల్లో సలసల కాగుతుంది. ఈ గుణాన్ని 1980లలో ఆహార కంపెనీలు కావాలనే వాడుకున్నాయి. మైక్రోవేవ్ పాప్‌కార్న్ సంచి అడుగున బూడిదరంగు అట్టముక్క ఒకటి ఉంటుంది, చూసే ఉంటారు. పాలిస్టర్ పొర మీద, వెంట్రుక మందంలో వేల వంతు పలుచగా అల్యూమినియం పూత పూసింది అది. గింజలు పేలేంత వేడిని అదే పుట్టిస్తుంది. అక్కడ ఎంతో యోచించి పెట్టిన వస్తువు, మెరుపు దారం రూపంలో, మన కాపడం సంచిలోకి తెలియకుండా చేరితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మన చీరల సంగతి ఇక్కడే వస్తుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళిన అమ్మలు పాత చీరతో ఈ మూటలు కుట్టిపెట్టడం మామూలే. చీర మెత్తగా ఉంటుంది, నీళ్ళు పడి పడి గంజి అంతా వదిలి ఉంటుంది, నిజంగా మంచి గుడ్డ. కాని అంచు చూసుకోవాలి. మంగళగిరి చీర ఒళ్ళంతా నూలే, అంచు జరీ. గద్వాల చీరకు నడుమ నూలు, అంచూ కొంగూ పట్టు, దాని మీద జరీ. అసలు జరీ అయితే పట్టుపోగు చుట్టూ వెండి తీగ, దాని మీద బంగారు పూత. ఇప్పటి చవక జరీ అయితే పూత పూసిన పాలిస్టర్. రెండూ పెట్టెలోకి వెళ్ళకూడదు. అంచు నుంచి నాలుగు వేళ్ళు వదిలి, బుటాలు లేని మేర కత్తిరించుకోవాలి. జరీయే లేని పొందూరు ఖద్దరు ముక్కో, బజార్లో దొరికే కోరా గుడ్డో అయితే ఆ బెంగే లేదు. పాత జీన్స్ బలంగా ఉంటుందని దానితో కుట్టేవాళ్ళున్నారు. దానికి రాగి మేకులుంటాయి, జిప్పు ఉంటుంది, సాగడానికి కలిపిన పోగు ఉంటుంది. దాని జోలికి పోకపోవడమే మేలు.

గుడ్డ కుదిరింది, లోహం పోయింది. అయినా కొన్ని సంచులు కుట్టు దగ్గర విచ్చుకుని గింజలు రాలాయి. ఈసారి దోషం దారానిది. ఇప్పటి కుట్టుదారంలో ఎక్కువభాగం పాలిస్టరే. వేగంగా తిరిగే మిషన్లకు నూలుదారం తట్టుకోలేక తెగుతుంది గనుక దర్జీలూ దానివైపే మొగ్గారు. గుడ్డంతా నూలైనా, నాలుగు వైపులా పట్టి ఉంచేది ఆ దారమేగా! మెర్సరైజ్డ్ నూలుదారం అడిగి తెచ్చుకోవాల్సింది అందుకే. నూలును క్షారంలో ముంచి బలం తెప్పించే ఆ విద్యను 1844లో కనిపెట్టిన జాన్ మెర్సర్ కూడా లంకషైర్ వాడే, పాలిస్టర్ పుట్టిన అక్రింగ్టన్ దగ్గరివాడే. సంచిని గిన్నె కింద పెట్టే దిండులా మందంగా కుట్టేవాళ్ళకు లోపలి దూది పొర దగ్గర ఇదే పాఠం మళ్ళీ ఎదురైంది. చాలా దూది పొరలు పాలిస్టర్‌వి. కొన్ని నూలువే అయినా పొర చెదరకుండా మధ్యలో ప్లాస్టిక్ వల ఉంటుంది. చివరికి పెలాన్ అనే కంపెనీ మైక్రోవేవ్ కోసమే పూర్తి నూలు పొరను తయారుచేసి అమ్మింది.

అన్నీ నూలువైనా ప్రమాదాలు ఆగలేదు. బ్రిటన్‌లో గోధుమ మూటల వల్ల ఇళ్ళు అంటుకున్న ఘటనలు పదేపదే జరిగి, అగ్నిమాపక శాఖలు హెచ్చరికలు జారీ చేశాయి. విచారిస్తే ఒకే కథ తిరిగి తిరిగి బయటపడేది. మూట చల్లారకముందే మళ్ళీ వేడిచేశారు. లేదా పక్క వెచ్చబడాలని దుప్పటి కింద పెట్టి మరిచిపోయారు. వేడిచేసిన ప్రతిసారీ గింజలు కొంత తేమ పోగొట్టుకుంటాయి. చల్లారే వ్యవధి ఇస్తే గాలిలోంచి కొంత తిరిగి తీసుకుంటాయి. ఆ వ్యవధి ఇవ్వకపోతే ఎండి, మాడి, లోలోపల రగులుతాయి. పైన దుప్పటి ఉంటే ఆ వేడి బయటికి పోదు, పెరుగుతూనే ఉంటుంది. ఈ అనుభవాల మీదనే 2004లో బ్రిటన్ బి.ఎస్. 8433 అనే ప్రమాణం తెచ్చింది. ధాన్యంతో నింపి, వేడిచేసి ఒంటికి పెట్టుకునే మూటల కోసమే రాసిన ప్రమాణమది. బామ్మల చేతి పని ఒకటి దేశ ప్రమాణాల పుస్తకంలోకి ఎక్కిందంటే, ఆ దారిలో ఎన్ని పరుపులు కాలాయో ఊహించుకోవచ్చు.

దుకాణంలో కొన్న మూటకైతే ఆ ముద్ర చూసుకోవచ్చు. ఇంట్లో కుట్టుకునేవాళ్ళకు పాత నేతగాళ్ళ పరీక్ష ఉంది. గుడ్డ కొస నుంచి పడుగు పోగు ఒకటి, పేక పోగు ఒకటి విడివిడిగా లాగాలి. పడుగు నూలు, పేక పాలిస్టర్‌గా నేసిన గుడ్డలు ఉన్నాయి గనుక ఒక్క పోగు చాలదు. కుట్టబోయే దారం కూడా జానెడు తెంపుకోవాలి. స్టీలు పళ్ళెం మీద పట్టకారుతో పట్టుకుని ఒక్కోదాన్నీ దీపానికి చూపాలి. నూలు పోగు చటుక్కున అంటుకుంటుంది. కాగితం కాలిన వాసన వేస్తుంది. మంట ఆరాక కొసన నిప్పు ఎర్రగా కాసేపు పాకుతుంది. మిగిలిన బూడిద వేలితో నలిపితే పొడిపొడిగా ఎగిరిపోతుంది. పాలిస్టర్ పోగు మంట తగలకముందే వెనక్కి ముడుచుకుంటుంది. తర్వాత కరిగి, నల్లపొగ వదిలి, కొసన గట్టి పూసలా గడ్డకడుతుంది. ఆ పూస చల్లారాక గోటితో నొక్కినా నలగదు. టెరికాటన్ అయితే బూడిదలోనే చిన్న చిన్న గట్టి పలుకులు తగులుతాయి.

పరీక్ష నెగ్గిన గుడ్డను వేడినీళ్ళలో ఉతికి ఆరేస్తే గంజి పోతుంది, ముడుచుకోవాల్సినంత ముందే ముడుచుకుంటుంది. అవిసెల్లాంటి సన్న గింజలకు నేత దగ్గరగా ఉండాలి, ఆవిరి మాత్రం బయటికి పోవాలి. పాప్లిన్ ఈ రెంటికీ సరిపోతుంది. గుర్తింపు పట్టీ ఉంటే విప్పేయాలి, అది శాటిన్ పాలిస్టర్ కావచ్చు. గింజల్లో పేలాల మొక్కజొన్న మాత్రం వద్దు. అవి ఏం చేస్తాయో స్పెన్సర్ ఎప్పుడో చూపించాడు. సంచిని మూడొంతులే నింపి, పళ్ళెంలో పలుచగా పరిచి, పక్కన కప్పు నీళ్ళు పెట్టి, నిమిషంతో మొదలుపెట్టాలి. చాలకపోతే 30 సెకన్ల చొప్పున పెంచుకోవచ్చు. తీశాక ముందు ముంజేతికి ఆనించి చూడాలి. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్ళకు, పసివాళ్ళకు వేరేవాళ్ళు చూసి పెట్టాలి. పూర్తిగా చల్లారాకే మళ్ళీ పెట్టెలోకి. గింజలు మాడు వాసన కొట్టిన రోజున వాటిని పారబోసి, గుడ్డ రంగు మారిందేమో వెలుతురులో పట్టి చూసి, మచ్చ లేకపోతే ఉతికి, కొత్త గింజలు పోసి, అదే నూలుదారంతో మళ్ళీ కుట్టుకోవచ్చు. మచ్చ ఉంటే సంచి కూడా కొత్తదే కుట్టుకోవాలి.